పలుచని గాలి ఎలుకలకు, కొండలెక్కేవాళ్లకు... మా వారికి మాత్రం కాలువ గట్టు!

గుండెపోటు వచ్చి తేరుకున్న మనిషి ఇంట్లో ఉంటే, ఆ ఇంటికి వచ్చే ప్రతి చుట్టమూ ఒక డాక్టరే. ఒకరు పచ్చి వెల్లుల్లి మింగమంటారు. ఒకరు తెల్లమద్ది బెరడు కషాయం కాచి ఇమ్మంటారు. ఇంకొకరు ఆరు నెలలు మంచం దిగనివ్వొద్దంటారు. ఆ పక్కన కూర్చున్నాయనే "ఏం గాదు, పొద్దున లేచి ఉరకమను" అంటాడు. రెండేళ్ల కిందట మా ఇంట్లో ఈ సంబరమంతా అయింది. అన్ని సలహాలూ విని ఊరుకున్నాం గానీ, హైదరాబాదు నుంచి మా కొడుకు పంపిన పార్శిలు దగ్గర మాత్రం బోల్తా పడ్డాం. ఆ సంగతే మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

మాది బాన్సువాడ. మా వారు వడ్ల మిల్లులో లెక్కలు రాస్తారు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు. వానాకాలం వడ్లు మిల్లుకు దిగే రోజులు, పని ఎక్కువ. ఒకనాటి రాత్రి ఇంటికొచ్చి "ఛాతి మీద బస్తా పెట్టినట్టుంది" అన్నారు. నేను గ్యాసు అనుకున్నాను. వాము నీళ్లు కాచి ఇచ్చి, వీపు రుద్దుతూ కూర్చున్నాను. అరగంట అలా పోయింది. చెమటలు చూసి అప్పుడు 108కి ఫోన్ చేశాం. ఆ అరగంట ఇప్పటికీ నా గుండెలో ముల్లులా ఉంది. మీరెవరూ అలా చెయ్యకండి. నిజామాబాదు తీసుకుపోయి స్టెంటు వేశారు. మనిషి దక్కాడు.

ఐదో వారానికి ఇంట్లో తిరుగుతున్నారు, వాకిట్లో నడుస్తున్నారు. అప్పుడొచ్చింది పార్శిలు. విప్పితే నల్లటి రబ్బరు మాస్కు. ముక్కూ నోరూ మూసేసి, గాలి పోవడానికి చిన్న చిన్న బిళ్లలు పెట్టి ఉన్నాయి. ఫోన్‌లో మా కొడుకు సంబరంగా చెప్పాడు.

"అమ్మా, బాపును రోజు అరగంట గిది కట్టుకొని నడవమను. ఎత్తు కొండల మీద నడిచినట్టే ఉంటదట. ఆక్సిజన్ తక్కువ దొరికితే గుండె మళ్ల గట్టిపడతదట. అమెరికాల ప్రయోగం చేసిన్రట."

కొడుకు ప్రేమతో పంపాడు. పైగా ఖరీదైన వస్తువు. మా వారు రెండు రోజులు నిజాంసాగర్ కాలువ గట్టు మీద అది కట్టుకొని నడిచారు. మూడో రోజు ఎంతకీ ఇంటికి రాలేదు. నేను వెతుక్కుంటూ పోతే కల్వర్టు మీద తల వంచుకొని కూర్చున్నారు. పెదాలు నల్లబడ్డాయి. ఒళ్లంతా చెమట. మాస్కు పట్టీ విప్పుతుంటే నా చేతులు వణికాయి. అటుగా వచ్చిన ఆటో ఆపి దవాఖానకు తీసుకుపోయాను. ఈసీజీ తీశారు. దేవుడి దయ వల్ల కొత్తగా ఏమీ కాలేదు. డాక్టరు గారు మాత్రం ఇద్దర్నీ కలిపి తిట్టారు. "పెంచాల్సింది నడకను అమ్మా, తగ్గించాల్సింది గాలిని కాదు" అన్నారు.

ఇంటికొచ్చాక మా అమ్మాయిని పట్టుకున్నాను. ఆమె నర్సింగు చదువుతోంది. "మీ అన్న చెప్పింది అబద్ధమా, నిజమా? నాకు తెలిసేటట్టు చెప్పు" అన్నాను. ఇంటర్ దాకా చదివి ఆపేసిన దాన్ని, పుస్తకాల్లో మాటలు నాకు తిరగవు. ఆమె ఓపిగ్గా చెప్పింది, నేనూ అడిగి అడిగి తెలుసుకున్నాను. మావాడు విన్నది అబద్ధం కాదు. సగం విన్నాడు, అంతే.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం డల్లాస్ నగరంలో యూటీ సౌత్‌వెస్టర్న్ వైద్య కేంద్రం ఉంది. అక్కడ డాక్టర్ హెషామ్ సదెక్ బృందం చేసిన ప్రయోగం 2017లో 'నేచర్' పత్రికలో అచ్చయింది. గుండెపోటు తెప్పించిన ఎలుకలను, వారం తర్వాత ఒక గదిలో పెట్టి, గాలిలో ఆక్సిజన్‌ను రోజుకు ఒక్కొక్క శాతం చొప్పున తగ్గించుకుంటూ పోయారు. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం దాకా ఉంటుంది. దాన్ని 7 శాతానికి దించి రెండు వారాలు ఉంచారు. ఎవరెస్టు కొస మీద మనిషికి దొరికేది కూడా ఇంచుమించు అంతే. ఆ ఎలుకల గుండెలో కొత్త కణాలు పుట్టాయి, గుండె పనితీరు మెరుగుపడింది.

ఇలా ఎందుకవుతుందో మా అమ్మాయి చెప్పినప్పుడు ఆశ్చర్యపోయాను. మన అందరి గుండెలూ మొదట తయారైంది అమ్మ కడుపులో కదా! అక్కడ ఆక్సిజన్ తక్కువ. బిడ్డ పుట్టి మొదటి ఊపిరి తీసుకున్నాక ఒంటికి ఆక్సిజన్ బాగా అందుతుంది. అది మంచిదే. కానీ గుండె కండరంలోని కణాలు ఆ తర్వాత కొన్నాళ్లకే ఒకటి రెండు కావడం దాదాపు ఆపేస్తాయి. అప్పుడే పుట్టిన ఎలుక పిల్ల గుండెకు దెబ్బ తగిలితే తిరిగి పూడుకుంటుందనీ, వారం దాటితే ఆ శక్తి పోతుందనీ సదెక్ బృందమే 2011లో కనుక్కుంది. మరి పెద్ద ఎలుకకు మళ్లీ అమ్మ కడుపులో లాంటి గాలి ఇస్తే? ఆ ఆలోచన నుంచే ఈ ప్రయోగం పుట్టింది.

ఇది విని నాకూ ఆశ కలిగింది, దాచుకోవడం ఎందుకు. అయితే గదిలో ఉన్న ఎలుక కాలువ గట్టు ఎక్కలేదు. చుట్టూ శాస్త్రజ్ఞులు కాపలా ఉన్నారు. 2018లో జర్మనీ దేశం కొలోన్‌లోని అంతరిక్ష వైద్య కేంద్రంలో ఇలాంటి తక్కువ ఆక్సిజన్ గదిలో ఇద్దరు మనుషులు వారాల తరబడి ఉన్నారు. వాళ్లెవరనుకున్నారు? హిమాలయాల్లో పెద్ద పెద్ద శిఖరాలెక్కిన రాల్ఫ్ డుమోవిట్స్, నాన్సీ హాన్సెన్. నిండు ఆరోగ్యవంతులు! వాళ్ల మీద పరీక్షించడానికే అంత కాపలా పెట్టుకున్నారు. అలాంటిది స్టెంటు వేసి ఐదు వారాలు కాని మనిషికి నేను నా చేత్తో మాస్కు కట్టి పంపాను.

పర్వతాలంటే మన పిల్ల గుర్తుకు రావాలి. మాలావత్ పూర్ణ మా పాత నిజామాబాదు జిల్లా బిడ్డే. ఊరు సిరికొండ మండలం పాకాల. చదివింది తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో. ఇప్పుడా తాడ్వాయి, మా బాన్సువాడ రెండూ కామారెడ్డి జిల్లాలోనే ఉన్నాయి. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. కూలి పని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. ఆ వార్త విన్న రోజు మా వాడకట్టులో ఆడవాళ్లమంతా మా ఇంటి బిడ్డే ఎక్కినంత సంబరపడ్డాం.

ఆ పిల్ల ఒక్కరోజులో ఎక్కలేదు. మొదట భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్పారు. తర్వాత డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో శిక్షణ. ఆపైన లడఖ్ చలిలో. కొండ మీదికి పోయేవాళ్లు కొంత ఎత్తు ఎక్కుతారు, మళ్లీ కిందికి దిగి పడుకుంటారు, తర్వాత ఇంకొంచెం పైకి పోతారు. అలా చేస్తే ఒళ్లు అలవాటు పడుతుంది. ఆక్సిజన్ తగ్గిందని మూత్రపిండాలు పసిగట్టి ఒక రసాయనం వదులుతాయి. దాంతో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. శరీరం ఆక్సిజన్‌ను ఎలా పసిగడుతుందో కనుక్కున్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. కానీ కణాలు పెరిగితే రక్తం చిక్కబడుతుంది. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరితిత్తులకు పోయే నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. పద్నాలుగేళ్ల పిల్ల గుండె అదంతా మోస్తుంది. పూడుకున్న నాళానికి జాలీ వేయించుకున్న గుండె ఎలా మోస్తుంది చెప్పండి?

ఇంకో సంగతి వింటే మీకు నవ్వొస్తుంది. ఆ మాస్కు అసలు కొండ గాలిని ఇవ్వనే ఇవ్వదు. కొండ మీద కూడా గాలిలో ఆక్సిజన్ పాలు 21 శాతమేనట. తగ్గేది గాలి ఒత్తిడి. ఇది మనకు వంటింట్లో తెలిసిన విషయమే. లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి బరువు తక్కువ కాబట్టి నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందుకే మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకదు, కుక్కరు పెట్టాల్సిందే. మా బాన్సువాడ నాలుగు వందల మీటర్ల ఎత్తు కూడా లేదు. ముక్కుకు రబ్బరు కట్టినంత మాత్రాన బాన్సువాడ గాలి లేహ్ గాలి అవుతుందా? మాస్కు చేసేదల్లా గాలి పీల్చడాన్ని కష్టం చేయడం, వదిలిన గాలిలో కొంత మళ్లీ పీల్పించడం. ఆరు వారాలు కట్టుకొని వ్యాయామం చేసిన కుర్రవాళ్లను పరీక్షిస్తే హిమోగ్లోబిన్ పెరగలేదని 2016లో తేలింది.

అన్నట్టు, మనలో చాలామందికి కేదార్‌నాథ్ యాత్ర మొక్కు ఉంటుంది. ఆ గుడి 3,580 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్, మన దగ్గర అందేదాంట్లో మూడింట రెండు వంతులే. గౌరీకుండ్ నుంచి పదహారు కిలోమీటర్లకు పైగా ఎక్కాలి. గుండెపోటు వచ్చిన వాళ్లను "దేవుడు చూసుకుంటాడు" అని తీసుకుపోకండి. నెలలు గడిచాక, నడిపించి చేసే పరీక్ష అయ్యాక, డాక్టరు సరేనంటేనే పోవాలి. గుర్రం ఎక్కినా, డోలీ ఎక్కినా గాలి మాత్రం అదే.

మరి దవాఖానలో గుండెపోటు రాగానే ఆక్సిజన్ పెడతారు కదా అంటారా? నేనూ అడిగాను. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే తప్పక పెడతారు. తగ్గని వాళ్లకు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదని 2017లో స్వీడన్‌లో 6,600 మందికి పైగా రోగులను చూసి తేల్చారు. అంటే తగ్గించుకోవడమూ అక్కర్లేదు, ఊరికే ఎక్కించుకోవడమూ అక్కర్లేదు.

ఇక నడక సంగతి. ఇది కొత్త ముచ్చటేం కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో విలియం హెబర్డెన్ అనే వైద్యుడుండేవారు. ఛాతి నొప్పి గురించి మొదట వివరంగా రాసింది ఆయనే. ఆయన రోగి ఒకాయన రోజూ అరగంట కట్టెలు కోసి దాదాపు నయమయ్యాడని రాసిపెట్టారు. అయినా ఆ తర్వాత వచ్చిన డాక్టర్లు గుండెపోటు రోగిని నెల, నెలన్నర మంచానికి అంటిపెట్టారు. 1952లో అమెరికాలో లెవీన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగిని కుర్చీలో కూర్చోబెట్టడానికే ఎంతో వాదించాల్సి వచ్చింది. ఇప్పుడు మంచి దవాఖానల్లో రెండో రోజో మూడో రోజో నడిపిస్తున్నారు. క్రమంగా పెంచే వ్యాయామం చేసినవాళ్లలో గుండె జబ్బుతో పోయేవాళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గారని ఎన్నో దేశాల పరీక్షలు కలిపి చూసి చెప్పారు. అంత మేలు చేసే పనికి పైసా ఖర్చు లేదు. అందుకేనేమో మనకు దాని మీద గురి కుదరదు!

మా డాక్టరు గారు చెప్పినట్టు మేము మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. చదునైన చోట ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. రెండు మూడు రోజులకొకసారి ఒకటి రెండు నిమిషాలు కలపడం. మొదటి ఐదు నిమిషాలు మెల్లగా, చివరి ఐదు నిమిషాలు మెల్లగా. అన్నం తిన్న వెంటనే నడవొద్దు, గంటన్నా ఆగాలి. ఎండాకాలం మా దగ్గర నిప్పులు కురుస్తాయి, కాబట్టి తెల్లవారుజామునే. ఒకరోజు నలతగా ఉంటే ఆ రోజు తగ్గించాలి, మర్నాడు బాకీ తీర్చాలని చూడొద్దు. మీ ఇంట్లో మనిషికి ఎంతన్నది మీ డాక్టరు చెప్పాలి సుమా. గుండె ఎంత దెబ్బతిన్నదో బట్టి లెక్క మారుతుంది.

ఎంత వేగంగా నడవాలో నాడి చూసి చెప్పడం కష్టం. గుండె నిదానించడానికి ఇచ్చే మాత్రలు వేసుకునేవాళ్లకు నాడి అంతగా పెరగదు. అందుకని ఒక చిట్కా చెప్పారు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి. పాట పాడగలిగితే మరీ మెల్లగా నడుస్తున్నట్టు. మాటకు ఊపిరి అందకపోతే మరీ వేగం. మా వారికి రాజకీయాలు మాట్లాడే అలవాటు. ఆయన నోరు ఆగిందంటే నేను చెయ్యి పట్టుకొని ఆపేదాన్ని. ఛాతిలో నొప్పి, బరువు, దవడకో ఎడమ చేతికో లాగడం, కళ్లు తిరగడం, చల్లని చెమట ఏదున్నా కూర్చోవాల్సిందే. డాక్టరిచ్చిన నాలుక కింది మాత్ర కూర్చున్నాకే పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో నొప్పి పోకపోతే 108. వాము నీళ్లు కాదు!

ఊపిరి బిగబట్టే ఏ పనీ వద్దన్నారు. ప్రాణాయామం చేసేవాళ్లు మెల్లగా పీల్చి మెల్లగా వదిలితే మంచిదే గానీ కుంభకం పట్టొద్దు. నిండు బక్కెట్లు ఎత్తడం, గ్యాసు సిలిండరు జరపడం, మలబద్ధకంతో ముక్కడం కూడా ఊపిరి బిగబట్టడమే. ఈ చివరిది ఎవరూ చెప్పరు, సిగ్గు కదా. అందుకే మా ఇంట్లో రాత్రి తెల్ల రొట్టె పోయి జొన్న రొట్టె వచ్చింది. దాంతో తోటకూర పప్పో, బీరకాయ కూరో.

యోగా మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. మన దేశంలోనే 24 దవాఖానల్లో 3,959 మంది గుండెపోటు రోగుల మీద యోగా పరీక్ష జరిగింది. 2020లో ఫలితాలొచ్చాయి. యోగా నేర్చుకున్నవాళ్లలో మళ్లీ గుండెపోటు, మరణాలు గట్టిగా చెప్పగలిగినంత తగ్గలేదు. కానీ వాళ్లకు ఒంట్లో బాగుందనిపించింది, పాత పనుల్లోకి ఎక్కువమంది తిరిగి వెళ్లగలిగారు. ఉన్నదున్నట్టు చెప్పారు, నాకు అది నచ్చింది. నచ్చనిదొకటుంది. అంతమందిలో ఆడవాళ్లు నూటికి పద్నాలుగు మందే! మనకు గుండెపోటు రాదా? వస్తుంది. ఒక్కోసారి ఛాతి నొప్పి లేకుండా ఆయాసంగా, వాంతిగా, వెన్ను నొప్పిగా, చెప్పలేని నీరసంగా వస్తుంది. తేరుకున్నాక మగవాళ్లను నడకకు పంపుతాం. మనం మాత్రం పొయ్యి ముందు నిలబడతాం. వంటింట్లో పొద్దంతా తిరిగాం కదా, అదే నడక అనుకుంటాం. అది అలసట, నడక కాదు. ఆ అరగంట ఆడవాళ్లకూ విడిగా ఉండాలి. ఆ పూట కూర ఎవరు తాలింపు వేస్తారో ఇంట్లోవాళ్లు తేల్చుకోనీ.

ఉప్పు గురించి నన్ను అడగకుండానే మా అత్తమ్మ అలిగింది. రోజుకు మనిషికి ఐదు గ్రాములు, అంటే ఒక చెంచాడు. ఆమె పెట్టే మామిడికాయ తొక్కు రెండు ముక్కలు తింటే అందులో చాలా భాగం అక్కడే అయిపోతుంది. ఇప్పుడు ఆయన పళ్లెంలో వారానికొక్క ముక్క. పచ్చి పులుసులో ఉప్పు తగ్గించి, ఉల్లిగడ్డ, కొత్తిమీర, వేయించిన నువ్వుల పొడి ఎక్కువ వేస్తున్నాను. వేసి చూడండి, ఉప్పు తగ్గిందని ఎవరూ కనిపెట్టరు.

తక్కువ ఆక్సిజన్ అనేది ఎక్కడో కొండల మీదే అనుకున్నాను గానీ, అది నా పక్క మంచం మీదే ఉందని తర్వాత తెలిసింది. మా వారు గురక పెడతారు. మధ్యలో గురక ఆగిపోతుంది, ఊపిరి కూడా ఆగుతుంది, తర్వాత ఉలిక్కిపడి పీలుస్తారు. ఇరవై ఏళ్లుగా వింటున్నాను, నవ్వుకున్నాను కూడా. అలా ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుందట. రక్తపోటు పెరుగుతుందట, గుండెకు మంచిది కాదట. డాక్టరుకు ఆ మాట చెప్పాల్సింది నేనే. నిద్రపోయే మనిషికి తన గురక ఏం తెలుస్తుంది! చెప్పాను, నిద్ర పరీక్ష చేయించాం. బరువు తగ్గమన్నారు, పక్కకు తిరిగి పడుకోమన్నారు. ఆరు కిలోలు తగ్గారు. ఇప్పుడు గురక సగమైంది. మీ ఇంట్లో అలా ఆగి ఆగి వచ్చే గురక ఉంటే నవ్వుకొని ఊరుకోకండి.

మా కొడుకు దసరాకు వచ్చినప్పుడు బాపు పక్కన కూర్చొని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నేను సగమే చదివిన అమ్మా" అన్నాడు. మర్నాటి నుంచి ఉన్నన్ని రోజులూ తండ్రితో కలిసి నడిచాడు. ఈ రోజుల పిల్లలు కుర్చీలో కూర్చొనే పని చేస్తారు, వాడికే ఎక్కువ ఆయాసం వచ్చింది.

ఇప్పుడు మా వారు పొద్దున నలభై నిమిషాలు కాలువ గట్టు మీద నడుస్తారు. స్టెంటు కోసం ఇచ్చిన మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు. మిల్లుకు పోతున్నారు, రాత్రి ఎనిమిదికల్లా ఇంటికొస్తున్నారు. ఆ నల్ల మాస్కు పారేద్దామంటే మనసొప్పలేదు, పైసలు పెట్టి కొన్నది. ఎండాకాలం మిరపకాయలు దంచి కారం జల్లెడ పట్టేటప్పుడు నేనే కట్టుకుంటున్నాను. ఒక్క తుమ్ము రాలేదు.